తలవాకిలి పక్కన పండగ చెక్క



ఉగాది దగ్గర పడింది. రంగుల కొట్ల ముందు అప్పుడే జనం మొదలయ్యారు. కడప వైవీ స్ట్రీట్‌లో చూసినా, కర్నూలు పాతబస్తీలో చూసినా, ఆదోని బజారులో చూసినా ఈ రోజుల్లో బాగా పోయే సరుకు చిన్న సైజు పసుపుపచ్చ ఎనామిల్ డబ్బా. దానికి తోడు ఎర్రది ఒకటి, తెల్లది ఒకటి. ఈ మూడూ గడప కోసం. వీటి పక్కనే కొన్నేళ్ళుగా ప్లాస్టిక్ స్టెన్సిళ్ళు కూడా వేలాడుతున్నాయి. పద్మం, శంఖం, ఏనుగు, నెమలి, గడప పొడుగునా సాగే లతలు. అచ్చు ఆనించి స్పాంజితో నాలుగు అద్దులు అద్దితే పని అయిపోతుంది. చెయ్యి తిరగని వాళ్ళకు కూడా ఇంటి ముందర కళ వచ్చేస్తుంది.

స్టెన్సిల్ మీద నాకు ఏ కోపమూ లేదు. ఈ ప్రసంగంలో సగం దాని గొప్పే చెప్పబోతున్నాను. నా పేచీ అంతా ఎనామిల్‌ను గడపకు పూయడం గురించి. గడపకు పసుపు పూయండి, చాలు. పెయింటు సరదా, బొమ్మల సరదా తీరాలంటే ఒక పాత చెక్క వెతుక్కోండి. దాని మీద అచ్చు వేసి, తలవాకిలి పక్కన అరుగు మీద నిలబెట్టండి. పండగ కాగానే తీసి లోపల పెట్టుకోవచ్చు, మళ్ళీ పండక్కి బయటికి తేవచ్చు.

ముందు గడప సంగతి చూద్దాం. మన పక్క పాత మిద్దెలకు గడపంటే ద్వారబంధం అడుగున పడుకోబెట్టిన మందపాటి మాను. దాని మీద రోజూ కాళ్ళు పడతాయి. వారానికోసారి నీళ్ళు పోసి కడుగుతారు. కింద నుంచి నేల చెమ్మ, రెండు కొసల నుంచీ గోడ చెమ్మ లోపలికి దిగుతూనే ఉంటాయి. వేసవిలో ఆ చెమ్మంతా పై ముఖం నుంచి ఆవిరై పోవాలి. ఆ ముఖాన్నే మనం ఎనామిల్‌తో మూసేస్తున్నాం. ఏటా ఒక పూత, దాని మీద మరుసటేడు ఇంకో పూత. చెమ్మకు బయటికి దారి ఉండదు. చెదలకు అంతకంటే కావలసింది లేదు.

జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో గడప మార్చడానికి వచ్చిన ఆచారికీ ఆ ఇంటావిడకూ జరిగిన మాటలు నేను పక్కనుండి విన్నాను. ఆవిడ అడిగింది: "ఏమప్పా, ఏటేటా రంగు కొడ్తానే ఉండాను గదా, గడప ఎట్ల పుచ్చె?" ఆయన ఉలి మొనతో ఒక మూల పొడిచాడు. పసుపు పెచ్చు లేచి, కింద నుంచి పొడి రాలింది. "రంగు కొట్టినందుకే పుచ్చిందక్కా. మీ అత్త పసుపు పూస్తాండెప్పుడు దీనికేమన్నా అయ్యిండెనా? చెక్కకు గాలాడల్ల" అన్నాడు. ఇంతకంటే బాగా ఏ ఇంజినీరూ చెప్పలేడు.

చెక్కకు నీళ్ళు పగ అని మనం అనుకుంటాం గానీ అది పూర్తిగా నిజం కాదు. శ్రీశైలం జలాశయం వెనుక జలాల్లో సంగమేశ్వరం ఉంది. ఇప్పటి నంద్యాల జిల్లా. అక్కడ గర్భగుడిలో ఉన్నది వేపదారు శివలింగం. ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఆనకట్ట కట్టినప్పటి నుంచి ఆ గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళ అడుగునే ఉంటుంది. నీటిమట్టం తగ్గినప్పుడు బయటపడుతుంది, అప్పుడు పూజలు చేస్తారు. ఇన్నేళ్ళుగా మునుగుతూ తేలుతూ ఉన్నా ఆ కొయ్య నిలిచింది. పూర్తిగా నీళ్ళలో ఉన్న చెక్కకు గాలి తగలదు, కాబట్టి కుళ్ళబెట్టే బూజుకు అక్కడ బతుకు లేదు. పూర్తిగా పొడిగా ఉన్న చెక్కా కుళ్ళదు. సగం తడి, సగం పొడిగా ఏళ్ళ తరబడి నానుతూ ఉండే చెక్కకే చేటు. మన గడపలు సరిగ్గా ఆ స్థితిలో ఉంటాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది పిల్లలున్న ఇళ్ళకు. బాగా మెరిసే పసుపు, నారింజ రంగుల్లో మొదటి నుంచీ సీసం కలిసిన రసాయనాలు వాడేవారు. క్రోమ్ ఎల్లో అనేది సీసంతో తయారవుతుంది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించకూడదని కేంద్రం 2016లో నియమం తెచ్చింది. 2017 నవంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. మంచి కంపెనీ డబ్బాల మీద ఆ మాట అచ్చు వేసి ఉంటుంది, చూసి కొనండి. పేరూ ఊరూ లేని డబ్బాల జోలికి పోకండి. అంతకు ముందు ఏళ్ళలో పూసిన పూతలు గడపల మీద అలాగే ఉన్నాయి. వాటిని పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది. అంబాడే పిల్లలు చేతులానించి నిలబడేది ఆ గడప పట్టుకునే, ఆ చేతులు నోట్లోకి పోతాయి. గీకించాలంటే తడిపి గీకించండి, పిల్లల్ని ఆ పూట ఇంకో ఇంట్లో ఉంచండి.

సరే, ఇక చెక్క పనికి వద్దాం.

అమెరికాలో వరండాల్లో ఇలాంటి నిలువు పలకలు పెట్టుకోవడం ఒక అలవాటు. క్రిస్మస్‌కు ఒకటి, శరదృతువుకు ఒకటి. అక్కడున్న మన పిల్లలు ఫోటోలు పంపిస్తుంటారు, మీరూ చూసే ఉంటారు. వాళ్ళు కొత్త పలక కొని, దాన్ని గొలుసులతో కొట్టి, అంచులు గీకి, మరకలు పూసి పాతదిగా చేస్తారట. మనకు ఆ శ్రమ లేదు. ముప్పై నలభై ఏళ్ళు ఎండ తిన్న చెక్క మన పశువుల కొట్టంలోనే పడి ఉంటుంది.

రాయలసీమలో పాత కలపకు లోటు లేదు. చౌడు మిద్దెలు కొట్టేసి స్లాబు ఇళ్ళు కట్టుకుంటున్న ప్రతి ఊళ్ళోనూ దూలాలు, దంతెలు, తలుపు రెక్కలు, కిటికీ చెక్కలు బయటపడుతున్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు కింద 1980ల మొదట్లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. అప్పుడు జనం ఇళ్ళు వదిలినా తలుపులు వదల్లేదు. ద్వారబంధాలు ఊడబెరికి బండ్ల మీద వేసుకుని వచ్చారు. కొత్త ఊళ్ళలో కట్టుకున్న ఇళ్ళకు ఆ తలుపులే మళ్ళీ ఎక్కాయి. ఇప్పుడు ఆ ఇళ్ళూ మారుతున్నాయి. అలాంటి తలుపు రెక్క ముక్క ఒకటి మీ ఇంట్లో ఉంటే, పొయ్యిలో పెట్టేముందు ఒక్కసారి ఆలోచించండి.

వేప మంచిది, చెదలు అంత తొందరగా ముట్టవు. టేకు దొరికితే సరేసరి. చింతచెక్క బరువు, మేకు దిగదు. తుమ్మ గట్టిదే గానీ మెలి తిరుగుతుంది. ఎర్రచందనం ముక్క ఎవరైనా ఇస్తామన్నా పుచ్చుకోకండి. ఆ చెట్టు శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ చుట్టుపట్ల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. అటవీశాఖ కాగితం లేని ముక్క దగ్గరుంటే పండగ పోలీసు స్టేషనులో చేసుకోవలసి వస్తుంది. ఇవేవీ దొరక్కపోతే మిషన్ల పెట్టెలకు వాడే పైన్ చెక్క సామిల్లు దగ్గర అడగండి. తేలిక, చవక. ఒక్క వేసవి ఎండకు దానికీ పాత వాలకం వస్తుంది.

కొలత మీ ఇష్టం. నాలుగడుగుల ఎత్తు, ఎనిమిది తొమ్మిది అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉంటే గోడకు ఆనించినప్పుడు చూపుకు బాగుంటుంది. పాత మేకులు పీకేయండి. ముక్క మీద కన్నాలుంటే ఎండలో పెట్టి రోజూ తట్టి చూడండి, కింద పొడి రాలుతుంటే లోపల పురుగు ఉన్నట్టే. వేపనూనె ఆ కన్నాల్లో పోసి మళ్ళీ ఎండబెట్టండి. తరవాత ఉప్పు కాగితం, అదే సాండ్‌పేపరు, ముందు 80 నంబరుతో, ఆ తరవాత 120తో రుద్దండి. చిత్రిక పట్టించకండి. చిత్రిక పడితే కొత్త చెక్క బయటికొచ్చేస్తుంది, అప్పుడు పాతది వెతికిన శ్రమ దండగ. చేతికి ముల్లు దిగకుండా ఉంటే చాలు. గొళ్ళెం ఆడిన గుర్తు, పాత బోల్టు కన్నం అట్లాగే ఉండనివ్వండి. లప్పం పెట్టి పూడ్చకండి.

చెక్కకు నూనె పట్టించాలని కొందరికి ఆశ. మన ఇళ్ళలో వేరుశనగ నూనె చేతికి అందేదే గానీ దీనికి పనికిరాదు. అది ఎన్నాళ్ళకూ ఆరదు, జిడ్డు మీద దుమ్ము కూర్చుంటుంది. ఆముదమూ అంతే. అవిసె నూనె ఆరుతుంది. పలచగా పూసి, గుడ్డతో తుడిచి, వారం రోజులు వదిలేయండి. నూనె తడిసిన ఆ గుడ్డను ఉండ చుట్టి మూల పడేయకండి, మన ఎండలకు దానంతట అదే రాజుకోగలదు. విప్పి ఆరేయండి. ఒక సంగతి, నూనె పట్టించిన చెక్కకు సున్నం పట్టదు. రెంట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి.

నన్నడిగితే సున్నమే. పాత చెక్క మీద పలచని సున్నం పూత, అందులో కొంచెం తుమ్మబంక. ఆరాక గరుకు గుడ్డతో రుద్దితే పైపైన ఉన్నది రాలిపోయి, చెక్క చారల్లో తెలుపు మిగులుతుంది. ఆ తెలుపు మీద ఏ రంగు వేసినా ఎత్తుగా కనిపిస్తుంది. మన మట్టిగోడలకు సున్నం కొట్టి అడుగున జాజు పట్టీ దించేది కూడా ఇదే లెక్కన కదా.

ఇప్పుడు స్టెన్సిల్.

అచ్చు అనగానే ముగ్గుల్లో చెయ్యి తిరిగిన పెద్దవాళ్ళు మూతి విరుస్తారు. అచ్చు పెట్టి వేసేదీ ఒక ముగ్గేనా అంటారు. రోజూ పొద్దున వేసి సాయంత్రానికి తొక్కుడు పడే ముగ్గు విషయంలో నేనూ వాళ్ళ వైపే. చెక్క సంగతి వేరు. పైగా స్టెన్సిల్ మన జిల్లాలకు బజారు నుంచి కొత్తగా వచ్చిందేమీ కాదు. ఆదోని మిల్లుల్లో పత్తి బేళ్ళ మీద ప్రెస్సు గుర్తు, నంబరు వేసేది దీంతోనే. బియ్యం బస్తాల మీద మిల్లు పేరు రేకు అచ్చుతో పడేది. ఎన్నికలొస్తే రాత్రికి రాత్రి గోడలన్నిటి మీదా ఒకే కొలత గుర్తులు మొలిచేది కూడా ఈ రేకు మహిమే. బస్తా మీద మిల్లు పేరును తీరైన చేతిరాత కంటే పది గజాల దూరం నుంచి బాగా చదవవచ్చు. మనక్కావలసిందీ ఆ గుణమే. వీధిలో పోయేవాళ్ళకు కనపడాలి.

కొనక్కర్లేదు. మంచి స్టెన్సిల్ ముక్క ప్రతి ఇంట్లో బీరువా మీద కవర్లో ఉంటుంది, పాత ఎక్స్‌రే. నీళ్ళకు తడవదు, మెత్తగా వంగుతుంది, పదునైన కత్తికి తెగుతుంది, చిరగదు. వెలుతురుకు పెడితే ఇవతలి బొమ్మ అవతలికి కనిపిస్తుంది కాబట్టి కాగితం మీద గీసిన ముగ్గును కింద పెట్టి దిద్దుకోవచ్చు. నల్లగా ఉందనుకుంటే బ్లీచింగు నీళ్ళలో నానబెట్టి రుద్దండి, పొర ఊడి అద్దంలా అవుతుంది. డాక్టరు మళ్ళీ అడిగే ఎక్స్‌రే కాదు కదా అని మాత్రం ముందు చూసుకోండి.

కోయడంలో ఒకే ఒక్క చిక్కు ఉంది. దాన్ని అర్థం చేసుకుంటే మీరు ఏ బొమ్మైనా కోయగలరు. ఫిల్ము మీద సున్నా గీసి కత్తి తిప్పండి. మధ్యలో బిళ్ళ కూడా ఊడి చేతికొస్తుంది. రంగు అద్దితే సున్నాకు బదులు నిండు చుక్క పడుతుంది. ఆ బిళ్ళ నిలవాలంటే రెండు పక్కలా సన్నని పట్టీలు కోయకుండా వదలాలి. వీటిని కట్లు అందాం. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఈ బాధ ఓ, ఏ, బీ లాంటి కొన్నింటికే. మన లిపి అంతా గుండ్రాలే. వ, మ లాంటి అక్షరాల పొట్టలన్నీ ఊడిపోతాయి. సంక్రాంతి అన్నా, శుభం అన్నా, స్వాగతం అన్నా ఎక్కడో ఒక సున్నా తగులుతుంది. దానికి నా ఉపాయం, సున్నాను అసలు కోయకపోవడం. అక్షరాలన్నీ అచ్చుతో వేశాక ఆ చోట వేలితో ఎర్రని బొట్టు పెట్టండి. సున్నాకు సున్నా, బొట్టుకు బొట్టు.

ముగ్గుల్లోనూ ఈ తేడా తెలుస్తుంది. చుక్కలు ఎన్ని కోసినా ఫిల్ముకు ఏమీ కాదు. మెలికల ముగ్గుకు వచ్చేసరికి గీత ప్రతి చుక్కనూ చుట్టుకుని మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ గీతను పూర్తిగా కోస్తే ఫిల్ము ముక్కలు ముక్కలుగా రాలిపోతుంది. అందుకని చుక్కలు మాత్రమే ఉన్న స్టెన్సిల్ ఒకటి కోయండి. చుక్కలన్నీ సమానమైన దూరంలో, సమానమైన సైజులో చెక్క మీద పడతాయి. మెలికను సన్నని కుంచెతో చేత్తో తిప్పండి. మూతి విరిచిన పెద్దావిడనే పిలిచి ఆ కుంచె చేతికివ్వండి. చుక్కలు అచ్చువి, గీత ఆవిడది. చెక్కకు ప్రాణం ఆ గీతతోనే వస్తుంది.

కట్ల విద్య నేర్చుకోవాలంటే మన పక్కనే గురువులున్నారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. తోలుబొమ్మను ఒకసారి దీపం ముందు పెట్టి దగ్గరగా చూడండి. సీత మెడలో హారం, చెవి కమ్మలు, చీర అంచు, ఏదీ గీసింది కాదు. అన్నీ చిన్న చిన్న ఉలులతో పొడిచిన రంధ్రాలు. గుండ్రటివి, నెలవంకలు, బియ్యపు గింజలు. ఏ రెండు రంధ్రాలూ కలిసిపోవు, మధ్యలో వెంట్రుక మందమైనా తోలు మిగిలి ఉంటుంది. ఆ మిగిలిన తోలు వల్లనే బొమ్మ ఆటలో చిరగకుండా నిలుస్తుంది. మీ స్టెన్సిల్‌లో ఏది కోయాలి, ఏది వదలాలి అన్నది ఆ హారం చూస్తే తెలిసిపోతుంది. జపాన్‌లో బట్టల అద్దకానికి వాడే కటగామి కాగితపు అచ్చుల్లో ఇదే చిక్కును ఇంకోలా విప్పారు. ఊడిపోయే ముక్కల్ని పట్టుదారాలతో పట్టి ఉంచారు. ఆ పోగుల మీదుగా రంగు అద్దినా వాటి జాడ బట్ట మీద కనపడనంత సన్నం. మథురలో కృష్ణుడి కథల ముగ్గులకు వాడే సాంఝీ కాగితపు అచ్చులూ కత్తెర పనితనమే. మన ఎక్స్‌రే ఫిల్ముకు అంత సున్నితం అక్కర్లేదు. అర సెంటీమీటరు కట్టు వదిలితే చాలు.

రంగు వేసేటప్పుడు చాలామంది పాడుచేసేది రంగు ఎక్కువై. చెక్కకు నిలువు చారలుంటాయి. రంగు పలచగా ఉంటే ఆ చారల వెంట అచ్చు కిందికి పాకి, అంచులు పీచులు పీచులుగా వస్తాయి. కుంచెను ముంచాక పాత గుడ్డ మీద తుడవండి. దీనికి ఇంకా రంగు ఉందా అని అనుమానం వచ్చేదాకా తుడవండి. అప్పుడు కుంచెను నిలువుగా పట్టి పొడవండి, పక్కలకు లాగకండి. ఒకసారికి లేతగా పడుతుంది, పర్వాలేదు, రెండోసారి పొడవండి. ఇంట్లో మగవాళ్ళు పారేసిన గడ్డం బ్రష్షు ఉంటే వెంట్రుకలు సమానంగా కత్తిరించండి, దానికి మించిన స్టెన్సిల్ కుంచె నాకైతే దొరకలేదు. అచ్చును నాలుగు మూలలా టేపుతో అంటించి, తీసేటప్పుడు నేరుగా పైకి లేపండి.

మన ఊళ్ళలో ఇంకో శత్రువు ఎండ. నంద్యాల, కర్నూలు పక్క మార్చి చివరికే 40 డిగ్రీలు తగులుతుంది. నీళ్ళలో కలిపే రంగులు మధ్యాహ్నం పూట కుంచె మీదే ఎండిపోతాయి. ఆరిపోతోంది కదా అని నీళ్ళు పోస్తే మళ్ళీ అచ్చు కిందికి పాకుతుంది. పొద్దు పొడవక ముందు మొదలుపెట్టి ఏడున్నరకల్లా ముగించండి. నీడలోనే చేయండి. ఆ ఎండ మేలు కూడా చేస్తుంది లెండి. ఏడాది మొత్తానికి 600, 700 మిల్లీమీటర్ల వాన పడే చోట, కప్పు కింద అరుగు మీద నిలిచే చెక్కకు ప్లాస్టిక్ రంగులు, వార్నిషులు అవసరమే లేదు. కోనసీమ అక్కగారు అడిగితే నేను ఈ మాట చెప్పను.

అందుకే మట్టి రంగులు వాడమంటాను. జాజు, కొందరు జేగురు అంటారు, ఇంకా సంతల్లో దొరుకుతోంది. బేతంచర్ల చుట్టూ ఎర్రమట్టి, పసుపుమట్టి రంగుల గనులే ఉన్నాయి. పాత కడప జిల్లా మంగంపేటలో తవ్వే ముగ్గురాయి నిక్షేపం ఒక్కచోట ఉన్నవాటిలో ప్రపంచంలోనే పెద్దది. చమురు బావుల తవ్వకానికి ఎక్కువ పోయినా, పెయింటు కంపెనీలు కూడా ఆ రాతిపొడిని రంగుల్లో కలుపుకుంటాయి. మన నేలలో నుంచి తీసిందే తిరిగి డబ్బాలో మన వీధికి వస్తోందన్నమాట. ఆ డబ్బా లేకుండా చేసుకోవాలంటే తుమ్మబంకను రాత్రి నానబెట్టండి. పొద్దున వడగట్టి, బట్టలో జల్లించిన జాజు అందులో కొద్దికొద్దిగా కలపండి. దోసెపిండి కంటే గట్టిగా రావాలి. సున్నం మీద ఇది చక్కగా పట్టుకుంటుంది, ఎండకు వెలవదు. వాన జల్లు తగిలితే కరుగుతుంది, కాబట్టి చెక్కను కప్పు దాటించకండి.

చెక్కకు రెండు ముఖాలున్నాయి, రెండూ వాడుకోండి. ఒక పక్కకు వేపరెమ్మ, మామిడాకుల తోరణం అచ్చులు కోసుకోండి. రెండోపక్క ఏం వేయాలన్నది మీ ఇంటి పండగను బట్టి. 2025లో ఉగాది మార్చి 30న వస్తే, మర్నాడు 31న రంజాన్ వచ్చింది. ఉగాది పొద్దున దేవుని కడప గుడికి ముస్లిం కుటుంబాలు టెంకాయ, బెల్లం పట్టుకుని వచ్చే ఊరు మనది, స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అంటారు వాళ్ళు. ఒక ముఖాన వేపపూత, రెండో ముఖాన నెలవంక ఉన్న చెక్క ఈ ఊళ్ళో ఎవరింటి అరుగు మీదైనా ఇముడుతుంది. నంద్యాల, జమ్మలమడుగు పక్క క్రైస్తవుల ఇళ్ళకు డిసెంబరులో నక్షత్రం ఎలాగూ కావాలి. నక్షత్రం కోయడం అన్నిటికంటే తేలిక, ఒక్క కట్టూ అక్కర్లేదు.

నిలబెట్టే ముందు రెండు జాగ్రత్తలు. చెక్క నీళ్ళు తాగేది కొసల నుంచే. మీ అరుగు కడప బండదైనా, బేతంచర్ల బండదైనా కడిగినప్పుడు నీళ్ళు చెక్క కింద నిలుస్తాయి. అడుగు కొసకు ఎనామిల్ రెండు పూతలు వేయండి. గడపకు వద్దన్న డబ్బా ఇక్కడ పనికొస్తుంది. రెండు బండ పెచ్చుల మీద ఎత్తి పెట్టండి. పైన గోడకు మేకు కొట్టి సన్న తీగతో కట్టండి. చైత్రం సాయంత్రాల్లో వచ్చే గాలిదుమ్ముకు నాలుగడుగుల చెక్క ఊరికే నిలబడదు, కింద పిల్లలాడుతుంటారు.

ఇక గడప బోసిగా ఉండాలా అని మీరు అడుగుతారు. అక్కర్లేదు. పండగ పొద్దున గడపను తుడిచి, తడి ఆరాక పసుపు చిక్కగా కలిపి పూయండి. అరగంట ఆగండి. అదే ఎక్స్‌రే స్టెన్సిల్ దాని మీద ఆనించి, తాంబూలానికి వాడే సున్నం కొంచెం నీళ్ళలో కలిపి, ఆ తేట నీటిని స్పాంజితో అద్దండి. ఆ నీళ్ళు పసుపు మీద పడిన చోటల్లా ఎర్రగా తిరుగుతుంది. పారాణి కలిపినప్పుడు పళ్ళెంలో జరిగేది ఇదే, దాన్ని అచ్చులోంచి జరిపిస్తున్నాం, అంతే. పెయింటు లేదు, కుంకుమ కూడా లేదు, పసుపు గడప మీద ఎర్రని పువ్వులు. గాలి తగిలేకొద్దీ ఆ ఎరుపు తగ్గుతుంది, ఎండకు పసుపూ వెలుస్తుంది. వెలవనివ్వండి, చెక్కకు గాలాడుతుంది. స్పాంజి మాత్రం గట్టిగా పిండి అద్దండి, నీళ్ళు కారితే పువ్వు పక్కకు పారుతుంది. సున్నం చేతులకు మండుతుంది, పిల్లలకు ఇవ్వకండి. పని కాగానే స్టెన్సిల్ కడిగి, తుడిచి, మేకుకు తగిలించండి. వచ్చే శుక్రవారానికి మళ్ళీ కావాలి.